పేరు పెట్టి పిలిచే పెట్టె

జాతరలో తప్పిపోయిన పిల్ల ఏం చేస్తుంది? ఉన్నచోటే నిలబడి అమ్మా అని అరుస్తుంది. ఇంటికి దూరమైన వైఫై యంత్రం చేసేదీ అదే. తనకు తెలిసిన నెట్‌వర్క్ కనబడకపోతే ఒక్కో ఛానల్‌కూ వెళ్లి ఉన్నావా, ఉన్నావా అని అడుగుతుంది. దానికి సిగ్గు లేదు, విసుగు లేదు. కాసేపు ఆగి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదలుపెడుతుంది. దీన్ని మేం ఆటోమేటిక్ స్కాన్ అంటాం. నా ఉద్యోగమంతా ఈ అరుపులు వింటూనే గడిచింది.

మా ల్యాబ్ హనుమకొండలో, ఒక పాత బియ్యం గోదాము పై అంతస్తులో ఉంటుంది. నడిపేది సారంగపాణి సార్. చిన్నప్పుడు మేడారం జాతరలో ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తున్న తమ్ముడు చెయ్యి జారి జనంలో కలిసిపోయాడు. మళ్లీ దొరకలేదు. ఆ సంగతి ఆయన పెద్దగా చెప్పుకోరు కానీ, ఏ పని మొదలుపెట్టినా చివరికి అది ఆ తమ్ముడి దగ్గరికే పోయి ఆగుతుంది. జాడ స్తంభం అలా పుట్టింది.

చూడ్డానికి అది వీధి దీపానికి బిగించిన ఒక డబ్బా. అది చేసేది వినడమే. ప్రతి చిన్న యంత్రానికీ తనదైన పిలుపు ఉంటుందని సార్ కనిపెట్టారు. ఎంతసేపు ఆగి అడుగుతుంది, ముందు ఏ ఛానల్‌కు వెళుతుంది, దాని రేడియో ఎంత వణుకుతుంది, ఇవన్నీ కలిపితే ఒక నడక వస్తుంది. మనవాళ్లను వెనకనుంచి చూసినా నడకను బట్టి పోల్చుకోమా, అలాగే. యంత్రం తన నంబరు మార్చుకున్నా నడక మారదు. పోలీసు కుక్కకు చెప్పు వాసన చూపించినట్టు, తప్పిపోయినవాళ్ల ఇంటి రూటర్ ఒకటి తెచ్చిస్తే చాలు. ఇంట్లో ఆ యంత్రం రోజూ చేసే పిలుపు అందులో ఉంటుంది. స్తంభాలు ఆ పిలుపు ఎక్కడ వినబడుతోందో పట్టుకుని, వెతుకుతున్నవాళ్ల ఫోన్‌కే నేరుగా జాగా పంపిస్తాయి. మధ్యలో ఎవరినీ అడగక్కర్లేదు.

"జాతరల తల్లి ఏడుస్తుంటె ఎవల సంతకం కోసమో తిరగాల్నా?" అన్నారు సార్. మేమంతా చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

జాతరలో పెట్టేముందు హనుమకొండ ఊళ్లోనే పరీక్ష పెట్టాం. మొదటి వారంలోనే మతిమరుపు ఉన్న ఒక అవ్వ చేతి పట్టీ పిలుపు విని ఆమెను చెరువు కట్ట మీద దొరకబుచ్చుకున్నాం. ఆమె కొడుకు సార్‌కు దండ వేశాడు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ ఫొటోలో నేను కూడా పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాను.

మా ఇంట్లో పై గదిలో నవనీత అద్దెకుంటుంది. వానాకాలంలో ఒక సంచీ, ఒక పిల్ల వెంటబెట్టుకుని వచ్చింది. యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని చేస్తుంది. తన సంగతి ఒక్కసారిగా చెప్పలేదు. ఇవాళ ఇంత, రేపు ఇంత, కూర తరుగుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి. భర్త పేరు వేణుమాధవ్. కరీంనగర్‌లో ఆ వీధికంతటికీ పెద్దమనిషి. వినాయక చవితికి మొదటి చందా ఆయనదే. పెళ్లాన్ని కొట్టే ముందు కూతురి చెవి తీసి అలమారలో పెట్టేవాడట. పిల్ల వినకూడదని.

అమూల్యకు పుట్టుకతో వినబడదు. చెవి వెనక అతుక్కునే బిళ్ల, మెడలో తాడుకు వేలాడే అగ్గిపెట్టెంత పెట్టె, ఇవే ఆమె చెవి. ఆ పెట్టెలో చిన్న లైనక్స్ కంప్యూటర్ ఉంటుంది. ఇంట్లో ఉంటే వైఫై మీద అక్కడుండే ఇంకో పెద్ద పెట్టెతో మాట్లాడి, చప్పుడులోంచి మాటను వేరుచేసి తెచ్చుకుంటుంది. బయటికి పోతే తనకు చేతనైనంత తనే చేసుకుంటుంది. ఆ చెవి ఆగిపోయిందంటే అమూల్య ఇక ఏడవదు, అడగదు. ఎక్కడో ఒక సందు చూసుకుని ముడుచుకుని కూర్చుంటుంది. తల్లి వచ్చి ముట్టుకునేదాకా బయటికి రాదు. పుస్తకాల్లో ఉన్న ఏ చదువు కంటే ఈ చదువు తండ్రి ఇంట్లో ఆమెకు బాగా వచ్చింది.

వాళ్లు వచ్చిన రోజే నేను ఇంటి నెట్‌వర్క్ పేరు దాచిపెట్టాను. గల్లీలో నిలబడి ఎవడు చూసినా మా ఇల్లు కనబడకూడదని. ఎలా దాచానో నవనీతకు చూపించాను కూడా. "గిప్పుడు మంచిగ నిద్ర పడ్తదక్కా" అంది. ఆ తర్వాత బడిలో టీచరు ఒకటి రెండుసార్లు చెప్పి పంపింది, సాయంత్రం బడి వదలకముందే పిల్ల చెవి బ్యాటరీ అయిపోవస్తోందని. పాతది కదా, కొత్తది తెప్పిద్దాం అన్నాను.

ఆ రోజు అన్నం తిని వచ్చేసరికి ల్యాబ్‌లో సార్ ముందు ఒకాయన కూర్చుని ఏడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రుమాలు. బల్ల మీద ఒక రూటర్, ఒక ఫొటో.

"రా స్వరూపా. పాపం, ఈయన బిడ్డ తప్పిపోయిందట. తల్లికి మతి మంచిగ లేదట, ఎత్తుకపోయిందట. పేపర్ల మన సంగతి చూసి కరీంనగర్ నుంచి వచ్చిండు" అన్నారు సార్.

ఫొటోలో అమూల్య నవ్వుతోంది. మెడలో అదే తాడు.

ఆయన లేచి నాకు దండం పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడుపు నటన కాదు. నటన అయితే నాకంత భయం వేసేది కాదు. నిజంగా ఏడ్చేవాడు అంత పని ఎలా చేశాడు? నిజంగా ఏడుస్తున్నవాడికి బిడ్డను ఇవ్వొద్దని నేను ఎవరితో చెప్పాలి?

"సార్, పోలీసు కంప్లైంట్ కాయితం ఉండాలె కదా" అన్నాను.

"పెట్టిన మేడం. పెట్టినా ఎవలు వింటున్నరు?" అన్నాడు వేణుమాధవ్.

"కాయితం తర్వాత చూద్దాం తియ్యి" అని సార్ రూటర్‌కు తీగ తగిలించారు. తెర మీద పిలుపు గీతలు ఒకటొకటిగా లేచాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని అడిగారు: "మీ ఇంట్ల నెట్‌వర్క్ పేరు దాచిపెట్టిన్రా?"

"అవును సార్. ఎవలకు కనబడొద్దని నేనే దాచిన."

"మంచి పని చేసిన్రు. పేరు బయటికి కనబడే ఇల్లయితె గీ రకం పెట్టె నోరు మూసుకుని వింటది, వినబడితె పోయి కలుస్తది. పేరు దాచిన ఇల్లు తనంతట తాను పలకదు కదా. దాన్ని ఎతకాలంటె పేరు పెట్టి పిలవాల్సిందే. ఎక్కడికి పోయినా పిలుస్తనే ఉంటది. మనకు అదే కావాలె."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, పేరు దాచి నేను ఊరంతటికీ కనబడకుండా పోయాననుకున్నాను. ఇదేం నాకు తెలియని సంగతి కాదు. పొద్దంతా నేను చేసే పని ఇదే. ఇంటికి పోయాక మాత్రం పక్కింటావిడలాగే ఆలోచించాను. బ్యాటరీ పాతదై అయిపోలేదు. బడిలో ఉన్నంతసేపూ ఆ పెట్టె కరీంనగర్ ఇంటి నెట్‌వర్క్ పేరు, మా ఇంటి నెట్‌వర్క్ పేరు పెట్టి గొంతు చించుకుని అరుస్తోంది. అరిచి అరిచి సొమ్మసిల్లుతోంది.

"పిలుపు నమూనా తయారయ్యేసరికి చాయ్ తాగొస్తరా?" అన్నారు సార్ ఆయనతో. నేను మెట్ల మీదికి వచ్చి నవనీతకు ఫోన్ చేశాను.

వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు. "చెప్పక్కా" అంది.

"నవనీతా, ఆయన మా ల్యాబ్‌ల కూసున్నడు."

ఏ ఆయన అని ఆమె అడగలేదు. ఇంకొకరైతే అయ్యో అనేవారు.

"అమూల్య చెవి బంద్ చేపియ్యాలె, ఇప్పుడే. అది అరిచినంతసేపు ఆయనకు జాగ తెలుస్తది. నేను ఈడికెల్లి దాన్ని ఆపలేను, అది మన ఇంటి వైఫైల ఉంటెనే నా చేతికి అందుతది. టీచరుకు ఫోన్ చెయ్యి."

"బంద్ చేస్తె పిల్ల దాక్కుంటదక్కా."

"తెలుసు."

"ఎక్కడ దాక్కుంటదో ఎవలకు దొరకదు. పిలిస్తె వినబడది. నేను పోయి ముట్టుకోవాలె. నాకంటె ముందు ఆయన ముట్టుకుంటె?"

ముందు టీచరుకు చెప్పమని మళ్లీ అన్నాను. ఆమె "బంద్ చెయ్యమని చెప్త" అని ఫోన్ పెట్టేసింది. గొంతు ఏమాత్రం వణకలేదు. నేను లోపలికి వచ్చాను.

నేను వచ్చేసరికే తెర మీద ఊరి పటం పరుచుకుంది. ఒక స్తంభం వెలిగింది. దాని పక్కది వెలిగింది. మూడోది వెలిగేసరికి మూడింటి మధ్య చిన్న ఎర్ర చుక్క పడింది. ఆగి, మళ్లీ పడింది. అది పెట్టె పిలిచినప్పుడల్లా పడే చుక్క. ఆర్పేయండమ్మా, ఆర్పేయండి అని లోపల అనుకుంటూ నేను ఆ టీచరును ఎన్ని తిట్టానో. చుక్క ఇంకోసారి పడింది. ఇంకోసారి. తర్వాత పడలేదు.

"అరే, ఆగిపాయె" అన్నారు సార్. "బ్యాటరీ అయిపోయినట్టున్నది. ఏం పర్వాలేదు, ఆఖరు జాగ పక్కా. చూడున్రి, మీ ఫోన్‌కు వచ్చి ఉంటది. ఏదో బడి."

వేణుమాధవ్ ఫోన్ చూసుకుని సార్ కాళ్లకు మొక్కాడు. సార్ ఆయన భుజాలు పట్టి లేపారు. సార్ కళ్లలో నీళ్లు. అన్నేళ్ల కిందట జారిపోయిన చెయ్యి ఆయనకు ఇవాళ దొరికింది, ఎవరైనా చూస్తే తెలుస్తుంది. ఆ ముఖం చూస్తూ నిజం చెప్పడానికి నోరు తెరిచాను. వేణుమాధవ్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. చెప్పి, నమ్మించి, వాదించేసరికి ఆయన బడి గేటు దాటుతాడు.

"నేను పోయి సిగ్నల్ చూస్త సార్" అని చేతిలో పట్టుకునే రిసీవర్, నా ల్యాప్‌టాప్ సంచీ తీసుకుని బండెక్కాను. "పో, పో, బిడ్డ దొరకంగనె ఫోన్ చెయ్యి" అని సార్ వెనకనుంచి అంటున్నారు.

బడి ముందు ఆయన కారు ఆగి ఉంది. ఎదురు సందులో ఇస్త్రీ బండి చాటున నవనీత నిలబడి ఉంది. చెప్పులు లేవు. దుకాణంలో వదిలేసి పరుగెత్తినట్టుంది. అప్పటిదాకా వణకని మనిషి ఇప్పుడు పళ్లు కొట్టుకునేంతగా వణుకుతోంది.

"లోపలికి పోయిండక్కా. నేను వచ్చేసరికే పోయిండు."

"నువ్వు ఈడనే ఉండు. నిన్ను చూసిండంటె అయిపాయె."

"నేను ముట్టుకుంటెనే వస్తది పిల్ల."

"ముందు దొరకనియ్యి" అని లోపలికి నడిచాను.

బడి బడంతా ఆయనకు సాయం చేస్తోంది. ఎవరిని తప్పుపట్టను? ఏడుస్తున్న తండ్రి, చేతిలో కూతురి ఫొటో. హెడ్మాస్టరమ్మ తనే గది గదికీ తీసుకుపోతోంది. అమూల్య టీచరు బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది. "వాళ్ల మమ్మీ ఫోన్ చేస్తె చెవి ఆపేసిన మేడం. బ్యాగు సదురుకోమన్న. ఇటు తిరిగి అటు చూసేసరికి లేదు" అంది నాతో.

వరండా చివరినుంచి వేణుమాధవ్ గొంతు వినబడుతోంది. "బంగారూ, అమ్మూ, డాడీ వచ్చిండు రా. నీకేం కాదు రా తల్లీ." కేకలు కావు. లాలిపాట పాడినట్టు, మెల్లగా, తియ్యగా. ఆ గొంతు వింటే దాక్కున్న ఏ పిల్లైనా లేచి వచ్చేస్తుంది. చెవి పని చేస్తూ ఉంటే అమూల్య కూడా వచ్చేసేదే. రాకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు కాబట్టి వచ్చేసేది.

మా ఇంట్లో ఆమె దాక్కునే చోట్లు నాకు తెలుసు. మంచం కింద కాదు, తలుపు చాటున కాదు. ఎప్పుడూ గిన్నెల మధ్య, బియ్యం డబ్బా వెనక. కరీంనగర్ ఇంట్లో ఆమె తండ్రి అడుగుపెట్టనిది వంటింట్లోకే. నేను మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డులోకి వెళ్లాను. వంటవాళ్లు వెళ్లిపోయారు. బోర్లించిన పెద్ద పెద్ద గుండిగలు, గోడకు ఆనించిన బియ్యం బస్తాలు. బస్తాలకు గోడకు మధ్య సందులో ఎర్ర రిబ్బను కొస కనబడింది.

వంగి చూశాను. మోకాళ్లు గుండెకు హత్తుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పిడికిట్లో పెట్టె. నన్ను చూసి కూడా కదల్లేదు. గుర్తుపట్టింది, అయినా కదల్లేదు. అదే ఆమె నేర్చుకున్న పద్ధతి.

వెనక అడుగుల చప్పుడు. నాకు వినబడింది, ఆమెకు వినబడలేదు. నేను గబుక్కున ఇటు తిరిగి, ఆ సందుకు అడ్డంగా నిలబడి, రిసీవర్ పైకెత్తాను.

"మీరు ల్యాబ్ మేడమే కదా" అన్నాడు వేణుమాధవ్. "ఈడ ఏమన్న చూపెడుతున్నదా?"

రిసీవర్ మీద ఆ వీధిలోని రూటర్ల గీతలు ఊరికే ఆడుతున్నాయి. ఆయన వాటిని నా కంటే శ్రద్ధగా చూస్తున్నాడు. నా చీర కుచ్చిళ్లకు ఒక జానెడు వెనకాల పిల్ల ఊపిరి పీలుస్తోంది. ఆ ఊపిరి చప్పుడు ఎంత ఉందో ఆ పిల్లకే తెలియదు.

"ఆగింది మళ్ల మొదలైంది, ఇందాకటిదాంక ఈడనే ఉన్నది" అన్నాను. "ఇప్పుడు పోతున్నది సార్. చూడున్రి, గీ గీత పడిపోతున్నది. బండి మీద ఎవరో తీస్కపోతున్నరు. కాజీపేట దిక్కు."

"స్టేషన్‌కా?"

"కావచ్చు."

ఆయన నా మాట నమ్మలేదు, యంత్రాన్ని నమ్మాడు. రుమాలుతో కళ్లు తుడుచుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ముఖంలో ఏడుపు లేదు. "నాకెంత ఓపికున్నదో ఆమెకు తెల్వదు మేడం" అన్నాడు, మామూలుగా, నాతో ఏదో ఇంటి సంగతి చెప్పినట్టు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగిన చప్పుడు వినబడేదాకా నేను ఆ చోటునుంచి కదల్లేదు.

నవనీత వచ్చి బస్తాల మధ్యకు చెయ్యి చాపి బిడ్డ పాదం ముట్టుకుంది. అమూల్య అప్పుడు లేచి వచ్చింది. ఏడవలేదు. తల్లి ముఖం రెండు చేతులతో పట్టుకుని, దెబ్బలున్నాయేమో అని అటూ ఇటూ తిప్పి చూసింది.

కాజీపేటలో ఏమీ దొరక్కపోతే ఆయన మళ్లీ ఇక్కడికే వస్తాడు. బట్టలకు కూడా ఇంటికి పోకుండా, వెనక గేటు నుంచి ఇద్దరినీ బండి మీద ఎక్కించుకుని నర్సంపేట అవతల మా చిన్నమ్మ ఊరికి తీసుకుపోయాను. అక్కడింకా స్తంభాలు పెట్టలేదు. దారంతా నవనీత వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేను కూడా అద్దంలో చూస్తూనే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున సార్ ఫోన్ చేశారు. "ఆ తండ్రి మస్తు లొల్లి చేస్తున్నడు. కాజీపేటకు నువ్వే తోలినవట?"

"అవును సార్, అబద్ధం చెప్పిన" అని మొత్తం చెప్పాను. అలమారలో పెట్టే చెవి సంగతి కూడా చెప్పాను.

"ఆయన ఏడుస్తుంటె మా నాయన ఏడ్చినట్టే అనిపిచ్చింది" అన్నారు.

"మీ నాయన అసుంటోడు కాదు. గానీ స్తంభానికి ఆ ఇద్దరికి నడుమ ఫరకు తెల్వది సార్. మనకు గూడ తెల్వలేదు."

ఆ పిల్ల నడకను సిస్టంలోంచి తీసేస్తానన్నారు. ఇకమీద జాగా నేరుగా పంపకుండా మధ్యలో ఒక మనిషిని పెడతానన్నారు. జాతర జనంలో, ఏడ్చే తల్లిదండ్రుల వరసలో, ఆ మనిషి ఎంతమందిని ఎంతసేపు అడగగలడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. స్తంభాలు దింపేద్దామని నేను అన్నాను.

"జాతరల పిల్లలు తప్పిపోతరు స్వరూపా. అది అబద్ధమా?" అన్నారు.

అబద్ధం కాదు. చెరువు కట్ట మీద దొరికిన అవ్వా అబద్ధం కాదు. నేను ఫోన్ పెట్టేసి, చిన్నమ్మ ఇంటి నడవలో చాప పరుచుకుని, అమూల్య పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించాను.

దాని నోరు మూయించడం నేననుకున్నంత సులువు కాలేదు. నెట్‌వర్క్ పోయినప్పుడు వెతికే స్కాన్ ఉంటుంది, అది ఆపాను. రిసీవర్ పక్కన పెట్టి చూస్తే కాసేపటికి గీత మళ్లీ లేచింది. నిద్రలోంచి లేచినప్పుడల్లా వెతికే స్కాన్ ఇంకొకటుంది. అదీ ఆపాను. గీత మళ్లీ లేచింది. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకుంటోంది. చివరికి దొరికింది. పెట్టెను తయారుచేసినవాళ్లు అందులో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు, మిగతావాటిలో దేన్ని ఎవరు ఆపినా జాలిపడి తిరిగి మొదలుపెట్టేది. పాపం, మంచి ఉద్దేశంతోనే, పిల్లలకు చెవి ఎప్పుడూ ఆగకూడదని. దాన్ని పీకేశాను. పాత ఇంటి, మా ఇంటి నెట్‌వర్క్ పేర్లు తుడిచేశాను. ఇకమీద ఎవరైనా బొత్తం నొక్కితేనే అది వెతుకుతుంది, లేకపోతే లేదు. రిసీవర్ మీద గీత నేలకు అంటుకుపోయి అలాగే ఉంది. చాలాసేపు చూశాను, లేవలేదు.

అమూల్య నా ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చూస్తోంది. పొద్దున వాళ్లమ్మ ఆమెకు చేతులతో, పెదవులతో విడమరిచి చెప్పింది, పెట్టె అరిచింది, అందుకే డాడీ వచ్చాడని. పిల్లకు చెప్పాల్సిన మాటేనా అది అని నాకు అనిపించింది కానీ, చెప్పకుండా ఏం చేస్తుంది?

బిళ్ల అతికించి, తాడు మెడలో వేసి పెట్టెను ఆన్ చేశాను. వినబడడం మొదలవగానే ఎప్పుడూ ఒకసారి భుజాలు ఎగరేస్తుంది. ఇప్పుడూ ఎగరేసింది. వెంటనే కుడి చెయ్యి తీసి పెట్టె మీద వేసి గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఎందుకట్ల పట్టుకున్నవ్ అమ్మూ?"

"అరుస్తది" అంది, గుసగుసగా.

"ఇప్పుడు అరవది. నేను ఆపేసిన. అగో చూడు, గీత పండుకున్నది." రిసీవర్ ఆమె ముందు పెట్టాను.

ఆ గీతను ఎంతోసేపు చూసింది. వేలితో తాకి చూసింది. నమ్మిందేమో అనుకున్నాను.

"నేను గూడ అరవలేదు పెద్దమ్మా" అంది. "అయినా డాడీ వచ్చిండు. నీ చీర పక్కకెల్లి ఆయన బూట్లు కనబడ్డయి."

నవనీత మూతి కొంగుతో మూసుకుని లోపలికి వెళ్లిపోయింది. చిన్నమ్మ అన్నానికి పిలిచింది. అమూల్య వచ్చి కంచం ముందు కూర్చుంది కానీ పెట్టె మీది చెయ్యి తియ్యలేదు. అది తినే చెయ్యి. వాళ్లమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టింది.